ఎండ ముదిరాక పెరడు



వసంతం అనగానే మావి చిగురు, కోయిల, ఉగాది పచ్చడిలోకి దులిపి తెచ్చుకున్న వేపపువ్వు గుర్తుకొస్తాయి. అవన్నీ చైత్రం తొలి రోజుల ముచ్చట్లు. అప్పటి ఎండలో ఇంకా కాస్త దయ ఉంటుంది. వైశాఖం వచ్చేసరికి ఆ దయ ఉండదు. అయినా పంచాంగం ప్రకారం వైశాఖం కూడా వసంతమే. రైతుల లెక్కలో చెప్పాలంటే ఏప్రిల్ నడిమి నుంచి అశ్వని, భరణి, కృత్తిక కార్తెలు నడుస్తాయి. మే 25 ప్రాంతంలో రోహిణి ప్రవేశిస్తుంది. రోళ్ళు పగులుతాయని పేరుపడ్డ రోహిణి. ఈ రోజుల్లో పెరట్లో దొరికే సంతోషాల గురించి ఇవాళ మీతో మాట్లాడాలని వచ్చాను.

"ఈ ఎండల్లో మొక్కలేమిటండీ, ఉన్నవి బతికి బట్టకడితే చాలు" అంటారు చాలామంది. నేను ఒప్పుకోను. కోస్తాలో గానీ, రాయలసీమలో గానీ, తెలంగాణలో గానీ మన పెరటికి ఏడాదిలో అచ్చంగా సొంతమైన కాలం ఇదేనని నా నమ్మకం. చలికాలంలో మనం పెంచే కాబేజీ, కాలీఫ్లవరు, క్యారెట్ చల్లని దేశాల పంటలు. అవి మన దగ్గర రెండు మూడు నెలలు చుట్టపుచూపుగా ఉండి వెళ్ళిపోతాయి. ఎండ ముదిరాక కూడా నిలిచేవి మాత్రం ఈ నేలనూ ఈ వేడినీ తమవి చేసుకున్నవి. వాటిని పెట్టుకున్నవాళ్ళు ఎండాకాలం ఎప్పుడు పోతుందా అని చూడరు, ఎప్పుడు వస్తుందా అని చూస్తారు.

అందుకు మల్లెను మించిన సాక్ష్యం లేదు.

మల్లె పూసేది వేసవిలోనే అయినా, దాని పని సంక్రాంతి నాటికే మొదలవుతుంది. అప్పుడు పొదకు కొన్నాళ్ళు నీళ్ళు ఆపేస్తారు. ఆకు దూసేస్తారు. కొమ్మలు కత్తిరిస్తారు. మొదట్లో మట్టి తవ్వి గుల్లచేసి, బాగా మాగిన పశువుల ఎరువు వేసి, మళ్ళీ నీళ్ళు పెడతారు. కత్తిరించిన రోజున చూస్తే పాపం అనిపిస్తుంది, అంత బోసిగా నిలబడుతుంది పొద. కానీ అలా చేయకపోతే పూత పలచబడుతుంది. మల్లె పాత కొమ్మకు పూయదు. కొత్తగా వచ్చిన చిగురు చివరనే మొగ్గ తొడుగుతుంది. ఎన్ని కొత్త చిగుళ్ళు వస్తే అన్ని గుత్తులు. అందుకే పూత ఒక విడత అయిపోగానే ఆ కొసలు గిల్లేస్తే మళ్ళీ చిగురు వేసి రెండో విడత పూస్తుంది. మైలవరం చుట్టుపక్కల మల్లె తోటలు చేసే రైతులైనా, బాల్కనీలో ఒక్క కుండీ పెట్టుకున్న ఇల్లాలైనా చేయాల్సింది ఇదే.

ఇంకో సంగతి. మల్లెకు ఎండ కావాలి, అదీ సగం పూట ఎండ కాదు. నీడన పెడితే తీగ ఏపుగా సాగుతుంది, ఆకు నిగనిగలాడుతుంది, పువ్వు మాత్రం కనపడదు. "మా మల్లె ఎందుకో పూయడం లేదండీ" అని అడిగేవాళ్ళ ఇంటికి వెళ్ళి చూడండి. చాలాసార్లు అది మామిడి చెట్టు కిందో, ప్రహరీ గోడ నీడనో ఉంటుంది. మనం తలుపులు వేసుకుని లోపల కూర్చునే ఆ ఎండే దానికి పూత.

సాయంత్రం నాలుగు దాటాక, ఎండ కాస్త వాలాక, ఓసారి పొద దగ్గర కూర్చుని తీరిగ్గా చూడండి. గుత్తిలో మామూలుగా మూడు మొగ్గలుంటాయి. నడిమిది పెద్దది, ముందు విచ్చేది అదే. పక్కన ఉన్న రెండూ ఆ తర్వాత దాని వరుసలోకి వస్తాయి. రేపటికో ఎల్లుండికో విచ్చబోయే మొగ్గ సన్నగా, గట్టిగా, కొంచెం పచ్చ ఛాయతో ఉంటుంది. ఇవాళ రాత్రి విచ్చేది పూర్తిగా తెల్లబడి, నడుము దగ్గర ఉబ్బి, వేలు తగిలితే తేలిగ్గా ఊడివస్తుంది. మా అమ్మమ్మ గుత్తిలోంచి ఆ ఒక్క మొగ్గను పక్కవాటికి అదురు తగలకుండా తీసేది. కళ్ళు సరిగా కనపడని వయసులో కూడా వేళ్ళతోనే తేడా పోల్చుకునేది. తడిపిన అరటి నారతో దండ కట్టి, దీపాలు పెట్టే వేళకు పూర్తి చేసేది. కట్టడం పూర్తయ్యేసరికి మొగ్గలు విచ్చడం మొదలయ్యేది. చీకటి పడ్డాకనే మల్లె ఎందుకు అంతగా పరిమళిస్తుందంటే, దాని జాతికి చుట్టాలు రాత్రిపూట తిరిగే రెక్కల పురుగులు. తెల్లరంగు, చీకట్లో ఘాటైన వాసన, రెండూ వాటి కోసం ఏర్పడ్డవి. ఆ పిలుపులో మన ఇల్లు కూడా తడుస్తుంది, అంతే.

దొంతర మల్లె, గుండు మల్లె లాంటి రేకలు ముద్దగా ఉండే రకాలు గింజ కట్టవు. కొమ్మను వంచి మట్టిలో అంటు తొక్కడమో, ముక్క కోసి నాటడమో చేయాలి. అంటే మన పెరట్లో ఉన్న ప్రతి మల్లె పొదా ఇంకెవరి పెరట్లోనో ఉన్న పొదలో ఒక కొమ్మ. కడియపులంక నర్సరీ నుంచి తెచ్చుకున్నా అంతే, పక్కింటి పిన్నిగారు ఇచ్చినా అంతే. నాకు ఈ ఆలోచన చాలా ఇష్టం. ఎన్ని తరాల చేతులు ఆ కొమ్మను వంచి మట్టి కప్పాయో!

ఇక నీళ్ళ విషయానికి వద్దాం. వేసవి తోటలో ఆనందమంతా రోజుకు రెండు చివర్లలో ఉంటుంది. పొద్దున ఏడులోపు, సాయంత్రం అయిదు తర్వాత. ఆ మధ్య వేళ తోటది, మనది కాదు. పొద్దున్నే పాదులు నిండేలా నీళ్ళు పెడితే ఎండ ఎక్కేలోపు వేరు తాగేస్తుంది. సాయంత్రం పెడితే రాత్రంతా చల్లగా ఉంటుంది. రెండింటిలో ఏది మంచిదని వాదించుకోనక్కర్లేదు, మీకు తీరిక ఉన్న పూట పెట్టండి. కానీ పైపుతో పెట్టేటప్పుడు ఒక జాగ్రత్త. ఎండలో పడి ఉన్న పైపులో మిగిలిన నీళ్ళు చెయ్యి పెట్టలేనంత వేడెక్కి ఉంటాయి. వాటిని ముందు పక్కకు వదిలేసి, చల్లనీళ్ళు వచ్చాకే మొక్కకు పట్టాలి. లేత నారు ఆ వేడినీళ్ళకే చచ్చిపోతుంది.

మిట్టమధ్యాహ్నం వంగ ఆకు, గుమ్మడి ఆకు వేలాడిపోయి కనిపిస్తాయి. చూడగానే ప్రాణం ఉసూరుమంటుంది, వెంటనే చెంబు పట్టుకుని పరిగెడతాం. ఆగండి. వేరు అందించేదాని కంటే ఎక్కువ నీరు ఆకులోంచి ఆవిరైపోతుంటే, మట్టిలో తడి ఉన్నా సరే, ఆకు అలా వాలిపోతుంది. సాయంత్రానికి దానంతటదే లేచి నిలబడుతుంది. మట్టిలో వేలు రెండు కణుపుల లోతు దించి చూడండి. తడి తగిలితే నీళ్ళు అక్కర్లేదు. సాయంత్రమైనా లేవకపోతే, పొద్దున్నే వాలిపోయి ఉంటే, అప్పుడు కంగారు పడాలి.

నీళ్ళు పెట్టడం కంటే పెట్టిన నీళ్ళు నిలపడం ముఖ్యం. పాదులో ఎండుటాకులు, వరిగడ్డి, కొబ్బరి పీచు, ఏది దొరికితే అది మూడు నాలుగు వేళ్ళ మందాన పరవండి, మొదలుకు మాత్రం ఆనకుండా. ఊడ్చి తగలబెట్టే ఆకుల్ని పాదులో వేస్తే నేల చల్లగా ఉంటుంది, వానలు పడేసరికి అదే ఎరువవుతుంది. ఇంట్లో పాత మట్టి కుండ ఉంటే పారేయకండి. మెడ దాకా మొక్క పక్కన పాతిపెట్టి నీళ్ళు నింపి మూత పెట్టండి. కుండ గోడలోంచి నీరు మెల్లగా ఊరుతుంది, మట్టి పొడిబారిన కొద్దీ ఊరడం పెరుగుతుంది. నాలుగు రోజులు ఊరెళ్ళినా మొక్క మిమ్మల్ని తలుచుకోదు. బియ్యం కడిగిన నీళ్ళు, కూరలు కడిగిన నీళ్ళు సరేసరి. పాత ఇళ్ళలో నూతి గట్టు నీళ్ళు పారే చోట అరటి, చేమ ఊరికే పెట్టలేదు పెద్దలు.

ఆనపకాయ అనండి, సొరకాయ అనండి, దాని పూత చూడాలంటే సాయంత్రమే చూడాలి. పందిరి మీద తెల్లటి పూలు పొద్దు వాలుతుండగా విచ్చుకుంటాయి. గుమ్మడి, కాకర అయితే తెల్లవారుజామున విచ్చుతాయి. ఒకే పందిరి మీద ఉన్నా ఎవరి వేళ వాళ్ళది. తీగజాతిలో మగపూలు వేరు, ఆడపూలు వేరు. ఆడపువ్వు కింద బుల్లి పిందె ముందే ఉంటుంది, దాంతో గుర్తుపట్టవచ్చు. ఎండలు ముదిరిన కొద్దీ మగపూల పాలు పెరుగుతుంది. అసలే తక్కువగా వచ్చిన ఆడపూల మీద పురుగు వాలకపోతే పిందె పసుపుబారి రాలిపోతుంది. "పిందెలన్నీ రాలిపోతున్నాయి, ఏ మందు కొట్టాలి" అని అడుగుతుంటారు. ముందుగా కావలసింది మందు కాదు, పుప్పొడి. సాయంత్రం విచ్చిన మగపువ్వు ఒకటి కోసి, రేకలు వెనక్కి వంచి, మధ్యలో ఉన్న పుప్పొడిని ఆడపువ్వు మధ్యభాగానికి మెత్తగా అద్దండి. రెండు మూడు రోజుల్లో పిందె కాడ లావెక్కి, నూగుతో నిగనిగలాడుతూ కిందికి వంగితే నిలిచినట్టే. సెలవులకు ఇంటికొచ్చిన పిల్లల చేత ఈ పని చేయించండి. తాను నిలబెట్టిన కాయ ఇవాళ ఎంత పెరిగిందో చూడటానికి పొద్దున్నే మీకంటే ముందు వాళ్ళే లేస్తారు.

వంగ పువ్వు సంగతి ఇంకా బాగుంటుంది. దాని పుప్పొడి పైకి కనిపించదు. పసుపుపచ్చ గొట్టాల్లో దాగి ఉండి, కొసన ఉన్న చిన్న రంధ్రాల్లోంచి మాత్రమే రాలుతుంది. నల్లని పెద్ద తుమ్మెద వచ్చి పువ్వును పట్టుకుని వేలాడుతూ ఒళ్ళంతా అదిరిస్తుంది. ఆ అదురుకు పుప్పొడి జలజలా రాలుతుంది. తేనెటీగకు ఆ విద్య రాదు. పొద్దున పెరట్లో ఉండుండి ఝుమ్మని గొంతు మారే ఆ చప్పుడు విన్నారంటే కాపు పట్టే పని జరుగుతోందని అర్థం. తుమ్మెద గూడు కట్టుకునేది ఎండు కర్రలోనో పాత వెదురులోనో. పందిరికి వేసిన పాత గడల్ని అన్నీ ఒకేసారి తీసేయకుండా ఉంటే దానికి ఇల్లు మిగులుతుంది.

బెండ గురించి ఒక్కటే చెబుతాను. పొద్దున విచ్చిన లేత పసుపు పువ్వు సాయంత్రానికి ముడుచుకుంటుంది, అక్కడినుంచి అయిదారు రోజుల్లో కాయ కోతకొస్తుంది. ఎండ పుంజుకున్న కొద్దీ ఇంకా తొందరపడుతుంది. ఒక్క రోజు ఏమరినా పీచు పడుతుంది. కొన పట్టుకుని విరిస్తే టక్కున విరగాలి. బజారులో ప్రతి కాయనూ విరిచి చూస్తే అమ్మేవాళ్ళు ఊరుకోరు, మన పెరట్లో ఆ బాధ లేదు.

టమాటాను ఈ రోజుల్లో బతిమాలడం వృథా. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా చల్లబడకపోతే పూత రాలిపోతుంది. ఆ చోటు ఆకుకూరలకు ఇవ్వండి. తోటకూర చల్లిన నెల తిరక్కుండా కోతకొస్తుంది, దానికి వేడంటే ప్రాణం. గోంగూర పగలు పొడుగ్గా ఉన్నంత కాలం పూత జోలికి పోకుండా ఆకే ఇస్తుంది. కొసలు తుంచిన కొద్దీ పక్క కొమ్మలు వేస్తుంది. తీగ బచ్చలి ఆకు ఈ కాలంలోనే దళసరిగా, జిగురుగా వస్తుంది. ఇక ఎవరూ విత్తకుండా కుండీ అంచున తానే మొలిచే గంగవాయిలి కూర! కలుపు అని పీకి పారేస్తారు గానీ దానిలో ఎంత నేర్పు ఉందో చూడండి. నీరు కరువైతే అది పగలు ఆకుల రంధ్రాలు బిగించేసుకుని, రాత్రి చల్లబడ్డాక తెరిచి గాలి పీల్చుకుంటుంది. ఆ గుప్పెడు ఆకు, నాలుగు పుల్లమామిడి ముక్కలు, కందిపప్పులో వేసి ఉడికిస్తే మధ్యాహ్నం అన్నంలోకి ఇంకేం కావాలి?

పెరడు లేనివాళ్ళు నిరాశపడనక్కర్లేదు. కథకులు తుమ్మేటి రఘోత్తమరెడ్డి గారు హైదరాబాదు శివారులోని నారపల్లిలో తమ ఇంటి మిద్దె మీద కూరగాయలు, పండ్లు పండించి, మిద్దెతోట అన్న మాటను తెలుగు ఇళ్ళకు పరిచయం చేశారు. ఆ స్ఫూర్తితో మొదలుపెట్టినవాళ్ళు రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నారు. మిద్దె మీద వేసవి కష్టమే, కాదనను. కింద కాంక్రీటు కాలుతుంటుంది, పైన ఎండ. కుండీల్ని నేలకు ఆనించకుండా ఇటుకల మీద పెట్టాలి. దూరం దూరంగా కాకుండా దగ్గర దగ్గరగా జరిపితే ఒకదాని నీడ ఇంకొకదాని కుండీ మీద పడుతుంది. చిన్న కుండీలు పది ఉండేకంటే పెద్ద తొట్లు మూడు ఉండటం మేలు, మట్టి ఎక్కువుంటే తడి నిలుస్తుంది. పడమటి ఎండకు అడ్డంగా ఆకుపచ్చ షేడ్ నెట్ కట్టండి, లేదా ఆ వైపున బీర తీగ పాకించండి. తీగ నీడ గుడ్డ నీడ కంటే చల్లన.

కరివేపాకు చెట్టు ఈ రోజుల్లో తెల్లటి చిన్న పూలు పూస్తుంది. ఆ లేత చిగుళ్ళ మీద ఒక్కోసారి పిట్ట రెట్ట పడినట్టు నలుపు తెలుపుగా ఏదో అంటుకుని ఉంటుంది. దగ్గరికి వెళ్ళి చూస్తే అది కదులుతుంది. సీతాకోకచిలుక పిల్ల అది. పిట్టలు తినకుండా తొలి రోజుల్లో ఆ వేషం. పెద్దయ్యాక ఆకు రంగులోకి మారుతుంది. పుల్లతో తాకితే తల వెనకనుంచి రెండు పాయల ఎర్రని కొమ్ము బయటపెట్టి ఘాటైన వాసన వదులుతుంది. చేతికందిన ఆకు తినేస్తోందని చంపేవాళ్ళున్నారు. పెద్ద చెట్టయితే దయచేసి వదిలేయండి. అది తినే నాలుగు రెబ్బలు చెట్టుకు లెక్కలోకి రావు, మళ్ళీ చిగురిస్తాయి. రెక్కలొచ్చాక నల్లటి రెక్కల మీద తెల్లని చుక్కల వరుసతో మీ పెరట్లోనే తిరుగుతుంది. మరీ చిన్న మొక్కయితే పురుగును పుల్ల మీదికి ఎక్కించి నిమ్మచెట్టు మీద వదలండి, దానికి అదీ ఇష్టమైన తిండే.

మే నెలలో మాత్రమే కనిపించే ఒక పువ్వు గురించి చెప్పకుండా ఉండలేను. కొందరు మే పువ్వు అంటారు, కొందరు ఫుట్‌బాల్ లిల్లీ అంటారు. దుంప జాతి. పుట్టిల్లు ఆఫ్రికా. చలికాలమంతా మట్టిలో ఉన్న జాడే తెలియదు. ఏదో ఖాళీ కుండీ అనుకుని పక్కకు నెట్టేస్తాం. మే నెలలో ఒక గాలివాన పడి మట్టి తడిసిందంటే, లావుపాటి మొగ్గ ఒకటి నేలను చీల్చుకుని లేస్తుంది. ఆకు ఇంకా విప్పుకోకముందే కాడ చివర పదుల కొద్దీ సన్నని ఎర్రని పూలు అన్ని వైపులకూ విచ్చి నిండు బంతి కడతాయి. ప్రతి పువ్వులోంచీ కేసరాలు బయటికి పొడుచుకుని, కొసన పసుపు చుక్క. వారం పది రోజులు ఉంటుంది. తర్వాత మళ్ళీ వచ్చే ఏడాదే. మా ఇంట్లో అది పూసిన రోజున పనులన్నీ కాసేపు ఆగిపోతాయి. ఎవరో ఒకరు వచ్చి, చూసి, ఒక పిల్లదుంప ఇస్తారా అని అడక్కుండా వెళ్ళరు. పూత అయ్యాక ఆకు పచ్చగా ఉన్నంత కాలం దానికి ఎండ, నీళ్ళు తగ్గనివ్వకండి. వచ్చే ఏటి పువ్వుకు కావలసిన బలమంతా ఆ ఆకు ఇప్పుడే దుంపలో దాస్తుంది.

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్న సామెతను ఎవరు పుట్టించారో గానీ, కూర విషయంలో మాత్రం అది నిలవదు. ఆవకాయ రోజుల్లో వీధిలోకి వెళ్ళి చూడండి. మామిడి చెట్టున్నవాళ్ళింటి నుంచి కాయలు ఈ ఇంటికి వస్తాయి, ఈ ఇంటి ఆనపకాయ అటు వెళుతుంది, మల్లెలు ఎక్కువైన ఇంటి నుంచి మూరెడు దండ నాలుగిళ్ళకు నడుస్తుంది. కొనుక్కున్న కూర ఎవరూ ఎవరికీ ఇచ్చుకోరు. కాసింది ఒంటరిగా తినబుద్ధి కాదు.

ఇక ఈ పక్షంలో చేయవలసిన పనులు రెండు. కంద, పసుపు, అల్లం దుంపలు నాటుకోవడానికి అదను వచ్చింది. దుంపకు కన్ను ఉందో లేదో చూసుకుని, మాగిన ఎరువు కలిపిన మట్టిలో పెట్టి పైన ఎండుటాకులు కప్పండి. రెండోది, తొలకరికి జామో, నిమ్మో, సీతాఫలమో నాటాలనే ఆలోచన ఉంటే గుంత ఇప్పుడే తీయించండి. రెండడుగుల వెడల్పు, రెండడుగుల లోతు. పైమట్టి ఒక పక్క, అడుగుమట్టి ఒక పక్క పోయించి, గుంతను రోహిణి ఎండకు అలాగే తెరిచి వదిలేయండి. నేలలో దాగిన పురుగులు, వాటి గుడ్లు ఆ వేడికి చాలావరకు నశిస్తాయి. మృగశిర కార్తె జూన్ 8 ప్రాంతంలో వస్తుంది. ఆలోగా పైమట్టిలో రెండు గంపల పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి కలిపి గుంత నింపి ఉంచండి. మొదటి గట్టి వాన పడి, మట్టి కుంగి సర్దుకున్నాక మొక్క పెట్టవచ్చు.